తెర ఉన్నది తప్పు చేసినవాడి కోసం కాదు

"తప్పు చేయనివాడికి గోప్యతతో పనేమిటి?" అని ఒక వ్యాసకర్త రాసిన మాట చదివి మనసు చివుక్కుమంది. ఓటరు ఏ తప్పు చేశాడని అతని చుట్టూ తెర కడుతున్నాం? బ్రిటన్‌లో 1872 వరకు అందరూ వింటుండగా ఓటు చెప్పాల్సి వచ్చేది. భూస్వామి చూపు, అప్పిచ్చినవాడి చూపు ఓటరు మీదే ఉండేవి. తెర వచ్చింది అందుకే.

ఇప్పుడు ఆ తెర దాకా వెళ్లకముందే మనసు చదివేస్తున్నారు. ఓటర్ల వివరాలు సేకరించి ఎన్నికల ప్రచారాలకు పనిచేసిన కేంబ్రిడ్జ్ అనలిటికా అనే సంస్థ వ్యవహారం గుర్తుందా? సుమారు 2,70,000 మంది ఒక ప్రశ్నావళి యాప్ వాడితే, వారి స్నేహితులతో కలిపి 8.7 కోట్ల మంది వరకు వివరాలు దాని చేతికి చేరి ఉండవచ్చని 2018లో ఫేస్‌బుక్ సంస్థే ఒప్పుకుంది. మనం ఎంత జాగ్రత్తగా ఉన్నా ఎవరో ఒకరి వేలికొసతో మన గుట్టు పోతుంది. కృత్రిమ మేధ ఇంకో అడుగు వేసి, మనం చెప్పనివి కూడా అంచనా కడుతోంది. పిరికివాడికి భయపెట్టే సందేశం, కోపిష్ఠికి రెచ్చగొట్టే సందేశం క్షణాల్లో రాసిపెడుతోంది. పక్కవాడి ఫోనులోకి ఏ అబద్ధం వెళ్లిందో మనకు తెలియనప్పుడు దాన్ని ఖండించేది ఎవరు? బహిరంగ సభలో చెప్పిన అబద్ధానికైనా అక్కడికక్కడే జవాబు చెప్పవచ్చు.

ఒక రాత్రి ఒక అధికారిపై వచ్చిన ఆరోపణల గురించి వెతకబోయాను. పేరు సగం టైపు చేశాక వేలు ఆగింది. ఒక్కొక్క అక్షరమే చెరిపేశాను. నన్నెవరూ బెదిరించలేదు, ఏ చట్టమూ వద్దనలేదు. ఆ ఆరోపణల్లో నిజమెంతో నాకు ఇప్పటికీ తెలియదు.