సూర్యక్షేత్రంలో మంచుబండి వైద్యం

మంచు మీద నడిచే బండిని బాగుచేయాలంటే మంచును చూసి ఉండాలన్నది ఒట్టి అపోహ. పశువుల డాక్టరును పట్టుకుని "మీరెప్పుడైనా ఈనారా?" అని ఎవరైనా అడుగుతారా? శ్రీకాకుళంలో పుట్టి, పద్దెనిమిది డిగ్రీలకే మంకీ క్యాప్ తగిలించుకుని, ఐసుగడ్డను చేపల లారీ దగ్గర తప్ప చూడని నేను, గత నాలుగు నెలలుగా అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని ఒక పాత స్నోమొబైలుకు ప్రధాన సలహాదారుగా పనిచేస్తున్నాను. ఇది గొప్పకు చెప్పడం లేదు. ఎవరో ఒకరు బాధ్యత తీసుకోవాలి కదా.

బండి మా బావమరిదిది. మన దగ్గర అమ్మకానికి వచ్చిన ప్రతి పాత కారూ డాక్టరుగారి కారే అయినట్టు, అక్కడ అమ్మకానికి వచ్చిన ప్రతి పాత స్నోమొబైలూ షెడ్డులోంచి బయటికి రానిదేనట. మావాడు ఆ మాట నమ్మి కొన్నాడు. అమ్మినాయన అబద్ధం చెప్పలేదు. బండి నిజంగానే ఏడేళ్లు షెడ్డులోంచి కదలలేదు. దాని జబ్బు అదే.

నాకు యంత్రాల గురించి అభిప్రాయాలున్నాయి గానీ చేతులు లేవు. అందుకని ఏడు రోడ్ల జంక్షను దగ్గర సందులో పాత స్కూటర్లు బాగుచేసే మేస్త్రిని సంప్రదించాను. స్నోమొబైలు ఇంజను టూ స్ట్రోకు అని తెలియగానే ఆయన ముఖం, చిన్నప్పుడు తప్పిపోయిన తమ్ముడు దొరికినట్టు వెలిగింది. టూ స్ట్రోకు స్కూటర్లు మన రోడ్ల మీద నుంచి మాయమయ్యాయి గానీ ఆయన చెవుల్లోంచి మాయం కాలేదు. అక్కడ రాత్రి ఎనిమిదైతే ఇక్కడ మర్నాడు ఉదయం ఏడున్నర. వీడియో కాల్‌లో వైద్యం మొదలైంది.

"ముందు బండిని ఎడమ పక్కకు వంచి, కాసేపు ఆగి, కిక్కు కొట్టమనండి బాబూ" అన్నాడు.

రెండు వందల కిలోలు దాటిన బండిని వంచడం కుదరదని, దానికి కిక్కే లేదని, తాడు లాగి స్టార్టు చేయాలని మావాడు విన్నవించుకున్నాడు. "తాడా? భావనపాడు బోటు ఇంజనులా? ఆ మాట ముందే చెప్పొద్దా!" అని మేస్త్రి టీ తెప్పించుకున్నాడు. ఆ క్షణం నుంచి అమెరికా సాంకేతిక విజ్ఞానం మీద ఆయనకు భయం పోయింది.

కార్బురేటరు విప్పించాం. అడుగు గిన్నెలో పెట్రోలు లేదు. దాని ఆత్మ ఎగిరిపోయి, మాడిన బెల్లంపాకం లాంటి జిగురు మిగిలింది. అక్కడి పెట్రోలులో ఇథనాల్ కలుపుతారు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వాడని బండిలో నెలల తరబడి నిలవ ఉంటే ఇంధనం చెడి, సన్నటి దారులన్నీ పూడుకుపోతాయి. (మన బంకుల్లోనూ ఇప్పుడు ఇరవై శాతం కలుస్తోంది. మేలుకోండి.) పైలట్ జెట్టు అని ఒక చిన్న ఇత్తడి మేకు ఉంటుంది. దాని రంధ్రం కంటికి ఆనీ ఆననంత సన్నం. ఇనుప తీగతో పొడిస్తే రంధ్రం పెద్దదై బండి పెట్రోలు తాగేస్తుందని, కరెంటు వైరులోంచి ఒకే ఒక్క రాగిపోగు లాగి దానితో సుతారంగా కదపమని మేస్త్రి ఆజ్ఞ. మావాడు ఇంజనీరు కాబట్టి పని ఎప్పటికి పూర్తయినట్టో చెప్పే కొలమానం కావాలన్నాడు.

"జెట్టును లైటుకు ఎదురుగా పట్టుకుని చూడమనండి. అరసవల్లిలో స్వామి పాదాల మీద ఎండ పడినట్టు వెలుగు చుక్క నేరుగా కంట్లో పడాలి. వంకరగా పడితే మళ్లీ కడగాలి."

ఏటా మార్చిలో, అక్టోబరులో ఆ దృశ్యం కోసం తెల్లవారుజామునే లేచి వెళ్లే ఊరివాళ్లం మేము. ఇంతకన్నా కచ్చితమైన కొలత ఏ మాన్యువల్లోనూ ఉండదు. మూడోసారి కడిగాక వెలుగు పడింది.

గాలి పెట్టె తెరిస్తే అందులో ఎలుక కాపురం. సీటులోంచి లాగిన స్పాంజి పరుపు, పొద్దుతిరుగుడు గింజల గాదె. మిన్నెసోటాకూ సిక్కోలుకూ ఉమ్మడిగా ఉన్న ఏకైక పౌరుడు ఇతడే. తర్వాత ప్లగ్గు తీసి, రంధ్రం మీద బొటనవేలు పెట్టి తాడు లాగమన్నాడు మేస్త్రి. వేలు ఎగిరి పడితే ఇంజను బతికున్నట్టే. మావాడు ఆ ఒత్తిడిని గేజీ కొని మరీ కొలిచాడు. ఒక సిలిండరు 120, ఇంకొకటి 115 చూపించాయి. రెంటికీ తేడా పదిశాతం లోపు ఉంటే నిశ్చింతగా ఉండవచ్చట. వేలు చెప్పిందే గేజీ చెప్పింది, కాకపోతే డాలర్లు తీసుకుని చెప్పింది. బెల్టు సంగతి రెండు ముక్కల్లో తేలింది. గేర్లు లేని స్కూటర్లలో ఉండేదే, కాస్త వెడల్పు. అరిగిందని మార్పించాం, ఇంకొకటి స్టెప్నీలా బండిలోనే పెట్టించాం.

బండి స్టార్టయింది. ఇక్కడే మావాడు తొందరపడ్డాడు. ఇంకా మంచు సరిగా పడకముందే ఇంటి ముందున్న సిమెంటు బాట మీద నడిపాడు. అయిదు నిమిషాల్లో వేడెక్కి ప్లాస్టిక్ మాడిన వాసన. తరవాత తెలిసిందేమిటంటే, బండి కింద చక్రాల బదులు తిరిగే రబ్బరు పట్టా ఎగజిమ్మే మంచు తగిలితేనే ఆ బండి రేడియేటర్లు చల్లబడతాయట. పట్టా లోపలి ప్లాస్టిక్ పట్టీలకు కందెన కూడా మంచేనట. మంచు లేకపోతే అవి కరిగిపోతాయి. నేను నోరెళ్లబెట్టాను గానీ మేస్త్రి పెట్టలేదు. "మన పొలంలో డీజిలు ఇంజను తను తోడే నీళ్లతోనే చల్లబడుతుంది కదా బాబూ. బావి ఎండితే అదీ కాలిపోతుంది" అని తేల్చేశాడు.

కాసేపు వేళాకోళం ఆపుతాను. ఈ బండి పుట్టుక సరదా కథ కాదు. కెనడాలో క్యూబెక్ రాష్ట్రంలోని వాల్‌కూర్ అనే ఊళ్లో జోసెఫ్ అర్మాండ్ బొంబార్డియే అనే మెకానిక్ ఉండేవాడు. 1934 చలికాలంలో ఆయన రెండేళ్ల కొడుక్కి కడుపులో జబ్బు ముదిరింది. మంచులో ఆసుపత్రికి చేర్చే దారి లేక పిల్లవాడు పోయాడు. 1937లో ఆయన పట్టాతో మంచు మీద నడిచే బండికి పేటెంటు తీసుకున్నాడు. ఇప్పుడు కుర్రాళ్లు ఎక్కి తిరిగే తేలికరకం 1959లో వచ్చింది. మన సాలూరు కొండల్లో మంచు లేదు, చాలా గూడేలకు దారీ లేదు. దానికి మనం కనిపెట్టిన వాహనం డోలీ. ఒక కర్ర, ఒక దుప్పటి, రెండు జతల భుజాలు. ప్లగ్గు పట్టదు, బెల్టు తెగదు, విడిభాగాలు ఏ గూడెంలోనైనా దొరుకుతాయి. సర్కారుకు దమ్మిడీ ఖర్చు లేదు. ఇంత పటిష్ఠమైన బండి ఉండగా రోడ్లెందుకని పెద్దలు ఆలోచించడంలో తప్పేముంది?

మా మేస్త్రి తప్పింది ఒక్కచోటే. శ్రీకాకుళం అలవాటు కొద్దీ పెట్రోలు కాస్త బిగించమన్నాడు. చలిలో గాలి చిక్కబడుతుంది కాబట్టి పెట్రోలు ఎక్కువే కావాలని, తగ్గిస్తే పిస్టను కాలిపోతుందని మాన్యువల్ చదివిన మావాడు భయపడుతూనే ఎదురు చెప్పాడు. మేస్త్రి కాసేపు ఆలోచించి, "అంతేలే, చలికాలంలో మనకీ ఆకలెక్కువే" అని జెట్టు మార్చడానికి అనుమతించాడు.

మా అత్తగారి పట్టుదల మీద పూజ కూడా జరిగింది. బండికి ముందు చక్రాలు లేవు, రెండు స్కీలున్నాయి. ఏ స్కీ కింద నిమ్మకాయ పెట్టాలన్న ధర్మసందేహం మీద ఇక్కడ ఇద్దరు పురోహితులు విభేదించారు. చివరికి రెంటి కిందా పెట్టారు. మైనస్ ఇరవైలో అవి గోలీకాయల్లా గడ్డకట్టి, నలగకుండా చెరో పక్కకూ దొర్లిపోయాయి. శకునం మంచిదా కాదా అన్నది ఇంకా తేలలేదు.

ఇంతా చేస్తే మావాడు ఆ బండి ఎక్కింది రెండు ఆదివారాలు. ఈలోగా మంచు కరిగిపోయింది. ఇప్పుడు బండిని మళ్లీ చలికాలం దాకా నిద్రపుచ్చాలి. కార్బురేటరు ఖాళీ చేయించాం, సిలిండర్లలోకి నూనె కొట్టించాం, బెల్టు ఊడదీయించాం, గ్రీజు పెట్టించాం. మిగిలింది ఎలుక. సైలెన్సరు మూతికి స్టీలు పీచు కుక్కితే చాలదని, గాలి పెట్టె పక్కన కలరా ఉండలు వేయాలని మేస్త్రి పట్టుబట్టాడు. అవి అక్కడా దొరుకుతాయని మావాడు అన్నాడు. అమెరికా ఉండలకు ఘాటుండదని మేస్త్రి అన్నాడు.

వచ్చే వారం కొత్త ఆవకాయ పార్సిలు వెళుతోంది. రెండూ ఒకే పెట్టెలో పెడితే ఏ వాసన దేనికి పడుతుందోనని మా అత్తగారు ఉదయం నుంచి నా సలహా అడుగుతున్నారు.