ఎస్ఎంబీ1 ఆన్ చేస్తే కంప్యూటర్ పేర్లు పలుకుతాయా?

"షాపులో ఒక కంప్యూటర్ నుంచి ఇంకోటి పేరుతో దొరకట్లేదా? ఎస్ఎంబీ1 ఆన్ చేయండి, అన్నిటికీ ఒకే వర్క్‌గ్రూప్ పెట్టండి, డీఎన్ఎస్ 8.8.8.8కి మార్చండి, ఫైర్‌వాల్ ఆపేయండి. అప్పటికీ కాకపోతే హోస్ట్స్ ఫైల్లో రాసుకోండి."

వాట్సాప్‌లో తిరుగుతున్న ఈ చిట్కా పోయిన నెల మా మిత్రుడి డీటీపీ షాపుకీ చేరింది. అక్కడ విండోస్ కంప్యూటర్లు రెండు, డిజైన్ పనికి ఒక మ్యాక్, ఫైళ్లన్నీ దాచుకునే ఉబుంటు (లినక్స్) పెట్టె ఒకటి ఉన్నాయి. ఆ పెట్టె పేరు గోడౌన్. షాపు కుర్రాడు చిట్కాలో మొదటి నాలుగూ వరసగా చేసేశాడు. నేను వెళ్లేసరికి విండోస్ నెట్‌వర్క్ ఫోల్డర్‌లో గోడౌన్ జాడ లేదు.

కమాండ్ ప్రాంప్ట్ తెరిచి "పింగ్ గోడౌన్ డాట్ లోకల్" అని కొట్టాను. 192.168.1.14 నుంచి టక్కున జవాబొచ్చింది. పేరు పలుకుతూనే ఉంది, లేనిదల్లా ఫోల్డర్‌లో ఐకాన్. పేరు చెబితే అడ్రస్ పట్టుకోవడం ఒక పని, చుట్టుపక్కల ఎవరెవరున్నారో జాబితా చూపడం ఇంకో పని. చిట్కా రాసినాయన రెండిటినీ ఒకే గాటన కట్టేశారు.

ఎస్ఎంబీ1 అనేది ఫైళ్లు పంచుకునే పాత పద్ధతి. పేరుకి అడ్రస్ వెతకడం దాని పని కాదు. మరి ఆన్ చేస్తే కొందరికి ఎందుకు పనిచేసింది? పాత విండోస్‌లో కంప్యూటర్ బ్రౌజర్ అనే సర్వీస్ ఉండేది. నెట్‌వర్క్‌లోని కంప్యూటర్లు తమలో ఒకదాన్ని పెద్దగా ఎన్నుకుంటే అది అందరి జాబితా రాసేది. మహా బద్ధకపు జాబితా అది. కరెంటు పోయి ఆగిపోయిన కంప్యూటర్ పేరు కూడా అరగంటకు పైగా అందులో వేలాడేది. ఆ సర్వీస్‌కి ఎస్ఎంబీ1 కావాలి. 2017లో మైక్రోసాఫ్ట్ ఎస్ఎంబీ1ని పక్కన పెట్టడం మొదలుపెట్టాక జాబితా కూడా పోయింది. అదే ఏడాది మే నెలలో, ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే వానాక్రై వైరస్ పాకింది ఎస్ఎంబీ1 లోపం మీదుగానే. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దానికి చిక్కాయని అప్పట్లో వార్తలొచ్చాయి. మార్చిలోనే వచ్చిన ప్యాచ్ వేసుకున్నవాళ్లు బతికిపోయారన్నదీ నిజమే. అయినా అవసరం లేని తలుపు తీసి పెట్టుకోవడం దేనికి?

పైగా ఈ షాపులో ఆ తలుపు తీసినా లాభం లేదు. ఉబుంటు పెట్టెలోని ఫైళ్లను విండోస్‌కి పంచేది సాంబా అనే ప్రోగ్రాం. 2019లో వచ్చిన 4.11 వెర్షన్ నుంచి అది కూడా, మనం పనిగట్టుకుని సెట్టింగ్ మార్చితే తప్ప, ఎస్ఎంబీ1ని దగ్గరికి రానివ్వదు. ఇప్పటి విండోస్ జాబితా కోసం డబ్ల్యూఎస్-డిస్కవరీ అనే పద్ధతి వాడుతుంది. సాంబా దానికి తనంతట తాను పలకదు. గోడౌన్‌లో డబ్ల్యూఎస్‌డీడీ అనే చిన్న ప్యాకేజీ వేసి విండోస్‌లో ఎఫ్5 నొక్కితే ఐకాన్ వచ్చేసింది. ఎస్ఎంబీ1 తీసేసి రీస్టార్ట్ చేశాను. ఐకాన్ ఎక్కడికీ పోలేదు.

వర్క్‌గ్రూప్ అంటే కంప్యూటర్ల గుంపుకి పెట్టే పేరు. దానికీ అడ్రస్‌కీ సంబంధం లేదు. చూసుకోవాల్సింది కంప్యూటర్ పేరు పొడవు. ఇంగ్లిష్‌లో 15 అక్షరాలు దాటితే పాత నెట్‌బయోస్ పద్ధతిలో తోక తెగుతుంది.

8.8.8.8 సలహా అయితే తిరకాసు. అది గూగుల్ పబ్లిక్ డీఎన్ఎస్, అంటే ఇంటర్నెట్‌లోని పేర్లకి అడ్రస్‌లు చెప్పే సర్వర్. మన షాపులో గోడౌన్ అనే పెట్టె ఉందని దానికెలా తెలుస్తుంది? మన కంప్యూటర్లకు అడ్రస్‌లిచ్చే రూటర్‌కి తెలిసే అవకాశముంది. డీఎన్ఎస్‌మాస్క్ అనే ప్రోగ్రాం ఉన్న రూటర్లు ఆ పేర్లు గుర్తుపెట్టుకుని చెబుతాయి కూడా. డీఎన్ఎస్ మార్చేస్తే ఆ ఒక్క ఆధారమూ పోతుంది. రెండో డీఎన్ఎస్‌గా రూటర్‌ని పెట్టినా అంతే. మొదటిది "అలాంటి పేరు లేదు" అని చెప్పేశాక కంప్యూటర్ రెండోదాన్ని అడగదు.

డాట్ లోకల్ పేర్లు అసలు ఏ సర్వర్‌నీ అడగవు. "గోడౌన్ ఎవరు?" అని 224.0.0.251కి, 5353 పోర్టు మీద కేకేస్తే ఆ పేరున్న పెట్టే పలుకుతుంది. దీన్ని ఎండీఎన్ఎస్ అంటారు. మ్యాక్‌లో బాంజూర్, ఉబుంటులో అవాహి, విండోస్ 10, 11లలో సొంతంగానే ఉంది. మూడు సిస్టమ్‌లకూ ఉమ్మడి భాష ఇదే. అందుకే పరీక్షకి ఎన్ఎస్‌లుకప్ అనే కమాండ్ వాడొద్దు. అది నేరుగా డీఎన్ఎస్ సర్వర్నే అడిగి "లేదు" అంటుంది. పక్కనే పింగ్ పనిచేస్తుంటుంది, మనకి టెన్షన్ మిగులుతుంది.

ఈ కేకని ఫైర్‌వాల్ ఆపగలదు కాబట్టి ఆ సలహాలో కొంత నిజముంది. కానీ మొత్తం ఆపేయడం ఎందుకు? విండోస్‌లో నెట్‌వర్క్‌ని పబ్లిక్ నుంచి ప్రైవేట్‌కి మార్చి, నెట్‌వర్క్ డిస్కవరీ ఆన్ చేస్తే చాలు. లినక్స్‌లో ఫైర్‌వాల్ పెట్టుకుని ఉంటే యూడీపీ 5353, జాబితా కోసం యూడీపీ 3702, టీసీపీ 5357 పోర్టులు తెరవాలి. గెస్ట్ వైఫైలో ఉన్న ల్యాప్‌టాప్‌కి మాత్రం ఇవేవీ పనిచేయకపోవచ్చు. అక్కడ సాధారణంగా ఒకరి కేక ఇంకొకరికి చేరనివ్వరు.

ఏ పేరుకి ఏ అడ్రసో మన కంప్యూటర్లో మనమే రాసుకునేది హోస్ట్స్ ఫైల్. ఆ మాట తప్పు కాదు, సగం మాట. రూటర్ అడ్రస్ మార్చిన రోజు అందులో రాసింది అబద్ధమైపోతుంది. మా ఇంట్లో ఓసారి కరెంటు పోయొచ్చాక ప్రింటర్ అడ్రస్ మా ఆవిడ ఫోన్‌కి దక్కింది. ముందు రూటర్‌లో ఆ పెట్టెకి అడ్రస్ రిజర్వ్ చేయండి, తర్వాత రాసుకోండి.

ఒక్క చోట ఎస్ఎంబీ1 నిజంగానే అవసరపడొచ్చు. స్కాన్ చేసింది ఫోల్డర్‌లోకి పంపే పాత జిరాక్స్ మెషీన్లకి కొన్నిటికి ఎస్ఎంబీలో కొత్త వెర్షన్లు రావు. మా మిత్రుడి షాపులో అలాంటిదొకటి ఉంది. దాన్ని ఫైళ్లు పంపే ఇంకో పద్ధతి ఎఫ్‌టీపీకి మార్చాను. స్కాన్లు ఇప్పుడు గోడౌన్‌లోనే పడుతున్నాయి.