తలుపు వేయడం వేరు, తాళం వేయడం వేరు

ఈ సంపాదకీయం రాయడానికి కూర్చునే ముందు ఎందుకైనా మంచిదని మా ఆఫీసు మెట్ల దగ్గరికే వెళ్లి చూశాం. మూడో అంతస్తులో మెట్లకి వెళ్లే బరువైన ఇనుప తలుపు, దాని మీద 'ఫైర్ డోర్, మూసి ఉంచండి' అని ఎర్రక్షరాల స్టిక్కర్, ఆ తలుపు మూసుకోకుండా కింద అడ్డంగా మా పాత పేపర్ల కట్ట. ఊరందరికీ బుద్ధులు చెప్పే పేపరే అక్కడ అడ్డం పడి ఉంటే ఇక వేరేవాళ్లని ఏమంటాం, అయినా అనక తప్పదు కాబట్టి అంటున్నాం. ఏ ఆఫీసుకి వెళ్లినా ఈ తలుపు కింద ఏదో ఒకటి ఉంటుంది, ఒకచోట ఇటుక, ఒకచోట నీళ్ల క్యాను, కొన్నిచోట్లయితే మంటలార్పే సిలిండర్నే తెచ్చి అడ్డం పెడతారు, దానికి అక్కడ ఇంకో పని లేదన్నట్టు.

ఫైర్ డోర్ అంటే మంటని ఆపేది అనుకుంటారు అందరూ, తప్పేం కాదు, కానీ పొగని ఆపడం అంతకంటే ముందు పని. మంట మన దాకా రాకముందే పొగ వచ్చేస్తుంది, వేడి పొగ పైకే పోతుంది, బిల్డింగ్‌లో దానికి దొరికే పెద్ద గొట్టాలు మెట్లదారి, లిఫ్ట్ గుంత. 2022 సెప్టెంబర్ 12 రాత్రి సికింద్రాబాద్ రూబీ హోటల్లో జరిగింది ఇదే, కింద ఎలక్ట్రిక్ స్కూటర్లు పెట్టిన చోట అంటుకుంటే ఆ పొగంతా పైన గదుల్లోకి ఎక్కింది, 8 మంది పోయారు. ఆర్నెల్లు తిరిగాయో లేదో 2023 మార్చి 16 సాయంత్రం అదే సికింద్రాబాద్‌లో స్వప్నలోక్ కాంప్లెక్స్, ఐదో అంతస్తు ఆఫీసులో పనిచేసుకుంటున్న ఆరుగురు, అందరూ పాతికేళ్లు కూడా సరిగ్గా నిండని పిల్లలు, పొగ పీల్చే పోయారు.

అందుకే మెట్లకీ లిఫ్ట్ లాబీకీ వెళ్లే చోట 120 నిమిషాలు తట్టుకునే తలుపు ఉండాలంటుంది మన నేషనల్ బిల్డింగ్ కోడ్. రెండు గంటలంటే చిన్న విషయం కాదు, పైనున్నవాళ్లు దిగడానికి, ఫైరింజన్ ట్రాఫిక్ దాటుకుని రావడానికి దొరికే టైమ్ అది. ఆ తలుపు అంచుల్లో గాడి తీసి ఒక పట్టీ పెడతారు, మామూలప్పుడు ఉందో లేదో కూడా తెలీదు, వేడి తగిలితే మాత్రం మూకుట్లో పూరీలా పొంగి చుట్టూ ఉన్న సందు మూసేస్తుంది. అయితే మొదట్లో వచ్చే పొగకి అంత వేడి ఉండదు కాబట్టి దాన్ని ఆపడానికి రబ్బరుదో బ్రష్షుదో ఇంకో పట్టీ కూడా కావాలి. ఇంత చేసి, వేలకి వేలు పోసి కొని, కింద ఇటుక పెడితే అది ఉత్త రేకు.

ఇంకో రకం ఆఫీసులున్నాయి, అక్కడ తలుపు ఎప్పుడూ మూసే ఉంటుంది, గొలుసుతో తాళం కూడా ఉంటుంది. మన మాటలోనే ఉందేమో చిక్కు, తలుపు వేయమంటే తాళం కూడా వేసేస్తాం. ఫైర్ డోర్ మూసి ఉండాలి, కానీ లోపలున్నవాడు తాళంచెవి లేకుండా తోసుకుని బయటపడగలగాలి, కోడ్ చెప్పేదీ అదే. అడిగితే సరుకు పోతుందండీ, స్టాఫ్ చెప్పకుండా జారుకుంటారండీ అంటారు. 1911లో న్యూయార్క్ ట్రయాంగిల్ బట్టల ఫ్యాక్టరీలో కూడా దొంగతనాల భయంతోనే తొమ్మిదో అంతస్తులో ఒక తలుపుకి తాళం వేశారు, మొత్తం 146 మంది చనిపోయారు, ఎక్కువమంది కుట్టుపని చేసుకునే ఆడపిల్లలు. ఇప్పుడు గొలుసు బదులు కార్డు చూపిస్తే తెరుచుకునే మాగ్నెట్ లాకులొచ్చాయి, అవి ఫైర్ అలారం మోగగానే, కరెంటు పోగానే వాటంతటవే వదిలేయాలి, మీ ఆఫీసులో వదులుతుందా అని ఎవరైనా ఎప్పుడైనా అలారం మోగించి చూశారా?

ఈ తలుపుని చూడ్డానికి ఇంజినీరే రానక్కర్లేదు. పూర్తిగా తెరిచి వదిలేయండి, తర్వాత జానెడు తెరిచి వదిలేయండి, రెండుసార్లూ దానంతటదే వచ్చి టక్కున పడాలి. మాది చూశాం కదా, కట్ట తీసి వదిలితే బాగానే వచ్చింది, చివరి అంగుళంలో ఆగిపోయింది. లోపల ఏసీ గాలి తోస్తోంది, తలుపుని దానంతటదే మూసేలా పైన బిగించే క్లోజర్‌లోంచి ఆయిల్ కారి తలుపు మీద నల్లటి చార కట్టింది, అంటే ఆ క్లోజర్ పనైపోయిందని. ఇక తలుపుకీ ఫ్రేముకీ మధ్య పక్కల, పైన 3 మిల్లీమీటర్లకి అటూఇటూగా సందు ఉండొచ్చు, రూపాయి బిళ్లలు రెండు ఒకదాని మీద ఒకటి పెడితే సుమారు అంత మందం, అంతకంటే బాగా ఎక్కువుంటే బందులు వదులైనట్టే. అసలు నాశనం చేసేది మాత్రం రిపేర్లకొచ్చేవాళ్లే, పట్టీల మీద పెయింట్ కొట్టేసేది ఒకరు, ఇంటర్నెట్ కేబుల్ కోసం ఫ్రేముకి బెజ్జం పెట్టేది ఇంకొకరు, తాళం పాడైతే వీధి చివర షాపులో దొరికిన మామూలు తాళం బిగించేది మరొకరు.

పాపం వాళ్లననీ లాభం లేదు, ఈ తలుపు ఎవరి డ్యూటీ అంటే ఎవరిదీ కాదు. లిఫ్టుకి ఏటా మెయింటెనెన్స్ కాంట్రాక్టు, ఏసీకి కాంట్రాక్టు, ఆఖరికి కాఫీ మెషీన్‌కి కూడా ఉంటుంది, రోజుకి కొన్ని వందలసార్లు తెరిచి మూసే ఈ తలుపుకి ఉండదు. ఫైర్ ఎన్‌ఓసీ, అంటే ఫైర్ డిపార్ట్‌మెంట్ ఇచ్చే అనుమతి పత్రం, దాని కోసం మనిషి వచ్చిన రోజు కట్టలు, ఇటుకలు మాయం, మర్నాడు మళ్లీ ప్రత్యక్షం. లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ 2017లో కాలి 72 మంది పోయాక అక్కడ వేసిన ఎంక్వైరీలో క్లోజర్లు లేని తలుపులు, ఉన్నా పనిచేయని తలుపులు బయటపడ్డాయి. ఇప్పుడు ఇంగ్లండ్‌లో 11 మీటర్లు దాటిన అపార్ట్‌మెంట్లలో అందరూ వాడే చోట ఉన్న ఫైర్ డోర్లని 3 నెలలకోసారి చూడాలని రూలుంది, 2023 జనవరి నుంచి అమల్లో ఉంది. మన దగ్గర కూడా ఫైర్ డిపార్ట్‌మెంట్ వాళ్లు ఎన్‌ఓసీ రెన్యువల్ అప్పుడు ఒక్కో తలుపుకి నంబరు వేసి, మూడు నెలలకోసారి ఎవరు చూశారో సంతకంతో రిజిస్టర్ అడగాలన్నది మా డిమాండ్. ఖర్చెంత అంటే ఒక రిజిస్టరు, ఒక పెన్ను.

మళ్లీ మా కట్ట సంగతికొస్తే, తీయించేశాం, మర్నాడు పొద్దునకల్లా మళ్లీ అక్కడే ఉంది. పెట్టింది టీ తెచ్చే అబ్బాయి. రెండు చేతుల్లో ట్రే ఉంటుంది, ఇంత బరువు తలుపుని రోజుకి ఎన్నిసార్లు భుజంతో తోయాలి అన్నాడు, మా దగ్గర జవాబు లేదు. జవాబు మార్కెట్లో ఉంది, మాగ్నెట్ హోల్డర్ అని, మామూలుగా తలుపుని తెరిచి పట్టుకుంటుంది, అలారం మోగితే వదిలేస్తుంది, తలుపు దానంతటదే మూసుకుంటుంది. కొటేషన్ తెప్పించాం, అకౌంట్స్ వాళ్ల దగ్గరుంది. అది వచ్చేదాకా ఆ అబ్బాయి వచ్చే టైముకి తలుపు దగ్గర సీటున్నాయన లేచి వెళ్లి తీస్తున్నాడు, కట్ట మాత్రం గోడౌన్‌కి పంపించేశాం.