దద్దుర్లు లేస్తే రక్తం చెడినట్టు కాదు

ఫోన్లలో తెగ తిరుగుతున్న ఒక సందేశం మీకూ వచ్చే ఉంటుంది. ఒంటి మీద ఉన్నట్టుండి దద్దుర్లు లేస్తే రక్తం చెడిందట, ఒళ్లు ఆ విషాన్ని బయటికి నెడుతోందట. అలర్జీ మాత్ర వేస్తే విషం లోపలికి పోయి కూర్చుంటుందట. పడని తిండి మానేసి రక్తశుద్ధి చేసుకుంటే చాలట. గొంతు బిగిసినట్టున్నా వేడినీళ్లు తాగి ఓపిక పట్టమని చివర్లో సలహా.

"రక్తం చెడింది." చర్మంలో మాస్ట్ కణాలని ఉంటాయి. ఏదైనా వాటిని రెచ్చగొడితే హిస్టమిన్ అనే రసాయనాన్ని వదులుతాయి. దాంతో సన్నటి రక్తనాళాలు వెడల్పై, వాటిలోంచి నీరులాంటి ద్రవం చర్మంలోకి ఊరుతుంది. ఆ ఎరుపూ పొంగూ దురదా అన్నీ దాని వల్లే. బయటికి పోయే విషమేదీ లేదు, ఊరిన ద్రవం కొన్ని గంటల్లో మళ్లీ ఒంట్లోకే ఇంకిపోతుంది. మా చిన్నవాడికి వచ్చినప్పుడు ఒక దద్దురు చుట్టూ పెన్నుతో గీత గీశాను. రాత్రి మోచేతి దగ్గర గీసిన ఆ సున్నాలో తెల్లారేసరికి మామూలు చర్మమే ఉంది. దద్దుర్లు మాత్రం వీపు మీదికి మారాయి. మామూలుగా ఒక్కో దద్దురు 24 గంటల్లోపు మచ్చ లేకుండా పోతుంది. అదే చోట అంతకు మించి ఉండి, మంటపెట్టి, కమిలిన గుర్తు మిగిలిస్తే డాక్టరుకు చూపించాల్సిందే.

ఇక రక్తశుద్ధి అంటారా, ఆ పని కాలేయం, మూత్రపిండాలు రోజూ చేస్తూనే ఉన్నాయి.

"తిండి వల్లే." కొందరికి నిజమే. వేరుశనగలు గానీ, గుడ్లు గానీ, రొయ్యలు గానీ పడకపోతే మామూలుగా నిమిషాల్లోనో, రెండు గంటల్లోపో తెలిసిపోతుంది. మొన్న తిన్నదాని మీద నెపం వేయడం కుదరదు. పిల్లల్లో ఎక్కువగా వైరస్ జ్వరాలు, జలుబులే కారణం. మావాడికీ జ్వరం తగ్గిన మర్నాడే లేచాయి. యాంటీబయాటిక్‌లు, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు, పురుగు కాట్లు కూడా తెప్పిస్తాయి. ఆరు వారాలు దాటినా వస్తూ పోతూ ఉంటే తిండి కారణం కావడం అరుదు. అలాంటి చాలామందిలో ఒంటి రక్షణ వ్యవస్థే పొరబడి మాస్ట్ కణాలను రెచ్చగొడుతుంది. ఆ సంగతి తెలియక ఒక్కొక్కటే తినడం మానేసి చిక్కి సగమైనవాళ్లను చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

"మాత్ర వేస్తే లోపలికి పోతుంది." హిస్టమిన్ పట్టుకునే చోటును మాత్ర ముందే ఆక్రమిస్తుంది, అంతే. సెట్రిజిన్, లోరాటడిన్, ఫెక్సోఫెనడిన్ ఇందుకోసమే ఉన్నాయి. పాతతరం అలర్జీ మాత్రలంత మత్తు వీటితో ఉండదు, సెట్రిజిన్‌తో మాత్రం కొందరికి నిద్ర వస్తుంది. మోతాదు చాలకపోతే పెంచాల్సింది డాక్టరే. చల్లటి తడిగుడ్డ, వదులు బట్టలు హాయినిస్తాయి. వేడినీళ్ల స్నానం దురదను పెంచుతుంది.

"గొంతు బిగిస్తే వేడినీళ్లు." ఈ ఒక్క మాట చూశాకే ఇదంతా రాయాలనిపించింది. దద్దుర్లతో పాటు నాలుకో గొంతో వాచినా, గొంతు బొంగురుపోయినా, ఆయాసం, పిల్లికూతలు, కళ్లు తిరగడం, ఆగని వాంతులు మొదలైనా అది అనాఫిలాక్సిస్, అంటే ప్రాణం మీదికి తెచ్చే తీవ్రమైన అలర్జీ కావచ్చు. అప్పుడు ప్రాణం నిలిపేది తొడ బయటివైపు కండలోకి ఇచ్చే అడ్రినలిన్ సూది. అలర్జీ మాత్ర ఆ పని చేయలేదు. వెంటనే అంబులెన్స్ పిలవండి. ఈలోపు మనిషిని పడుకోబెట్టండి, ఊపిరి అందకపోతే కూర్చోనివ్వండి, లేచి నడవనివ్వకండి. సూదితో తేరుకున్నా కొన్ని గంటలు ఆసుపత్రిలోనే ఉంచాలి, కొందరికి అది మళ్లీ తిరగబెడుతుంది.