ఆల్టర్నేటర్ గారి పక్కవాద్యం

కారు సంగీతానికి ఆల్టర్నేటర్, అంటే ఇంజిన్‌తో పాటు తిరుగుతూ కరెంటు పుట్టించే యంత్రం, చేస్తున్న సేవను ఇంతవరకూ ఎవరూ గుర్తించకపోవడం విచారకరం. స్టీరియో మార్చి, డిక్కీలో యాంప్లిఫయర్ బిగించి, దాని పక్కన సబ్‌వూఫర్ ఇరికించిన చాలామందికి ఈ విద్వాంసుడు పరిచయమే. ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు స్పీకర్లలోంచి సన్నగా "కుయ్" మని మొదలుపెడతాడు. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ పై స్థాయికి వెళ్తాడు. గేరు మారిస్తే ఒక జారుడు గమకం. వాల్యూమ్ సున్నాకి తెచ్చినా కచేరీ ఆపడు. పాటకీ ఆయనకీ శ్రుతి కలవదు, ఒప్పుకుంటాను. సర్దుకోవాల్సింది పాడేవాళ్లేనని నా వాదన.

ఆయన్ని వదిలించుకోవాలని చూసే అరసికులు కొందరున్నారు. నేనూ వాళ్లలో ఒకణ్ణే. మా వర్గానికి ఒకటే సిద్ధాంతం: చప్పుడు వస్తే ఏదో ఒకటి కొనాలి. ఉన్నది విప్పి చూడటం మర్యాద కాదు.

ఆ ప్రకారం ముందు బొటనవేలంత లావు ఆర్సీఏ కేబుల్ కొన్నాను, స్టీరియో నుంచి యాంప్‌కి పాటను మోసే తీగ. కూత మరింత స్పష్టంగా వినిపించింది. తర్వాత కరెంటు కాస్త నిల్వ ఉంచుకునే కెపాసిటర్, నీళ్ల సీసా అంతది, పైన నీలం లైటుతో. కూత తగ్గలేదు గానీ డిక్కీలో వెలుగొచ్చింది. చివరికి గ్రౌండ్ లూప్ ఐసొలేటర్. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది, లోపల రెండు బుల్లి ట్రాన్స్‌ఫార్మర్లు. తీగ సంబంధం తెంపేసి, పాటను మాత్రం అయస్కాంత శక్తితో అవతలికి దాటిస్తుంది. కూత ఆగింది. దాంతోపాటు అడుగు బేసూ పోయింది. అంటే బేస్ కోసం సబ్‌వూఫర్, సబ్‌వూఫర్ కోసం యాంప్, యాంప్‌తో కూత, కూతకి ఐసొలేటర్, ఐసొలేటర్‌తో బేస్ హుళక్కి.

ఇలా ఒకదాన్నొకటి అడుక్కుంటూ పోతే అసలు దోషి ఎక్కడో చీమంత చోట ఉంటుందని చిన్నప్పుడే విన్నాం. వింటే సరిపోతుందా!

ఆల్టర్నేటర్ తయారుచేసేది ఏసీ కరెంటు. లోపలి డయోడ్లు దాన్ని డీసీగా మారుస్తాయి గానీ పూర్తిగా నున్నగా కాదు, సన్నటి అలలు మిగిలిపోతాయి. ఇంజిన్ వేగం పెరిగితే అవీ వేగం పుంజుకుంటాయి. కరెంటు తిరిగి వెళ్లడానికి కారు రేకుకి బిగించే తీగ ఎర్త్. స్టీరియో ఎర్త్ డాష్‌బోర్డు వెనక, యాంప్ ఎర్త్ డిక్కీలో. ఈ రెంటి మధ్య కాస్త వోల్టేజీ తేడా ఉంటే చాలు, కరెంటు ఆర్సీఏ తీగ పై తొడుగుని దొడ్డిదారిగా వాడుకుంటుంది. యాంప్‌కి పాటేదో కూతేదో తెలీదు. ఇచ్చినదాన్ని పెంచి పంపడమే దాని ధర్మం. స్టీరియో సిగ్నల్‌కి తగ్గట్టు యాంప్‌ని సరిపెట్టే గెయిన్ మీటని వాల్యూమ్ అనుకుని చివరిదాకా తిప్పేసే నాబోటివాడు దొరికితే ఇక చెప్పాలా.

ఒకరోజు కొనడానికి ఏమీ మిగలక వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ బయటికి తీశాను. ఐసొలేటర్ పీకేసి, ఇంజిన్ ఆన్‌లో పెట్టి, పాట గట్టిగా పెట్టి, ఒక కొస యాంప్ ఎర్త్ టెర్మినల్‌కి, రెండోది బ్యాటరీ నెగెటివ్‌కి ఆనించాను. దాదాపు సున్నా చూపించాలి. నాకు 0.6 వోల్టులు చూపించింది.

డిక్కీ కార్పెట్ ఎత్తితే బోల్టు దర్శనమిచ్చింది. దాని కింద ఎర్త్ వైరు రింగు, రింగు కింద నిగనిగలాడే పెయింటు. పెయింటులోంచి కరెంటు పోదు. పాపం ఆ కరెంటు ఇన్నాళ్లూ బోల్టు మరచుట్ల మధ్యనుంచి ఒంటికాలిమీద నడుస్తోందన్నమాట. వైరేమో చుట్టలు చుట్టుకుని నాలుగు మూరలుంది. మూరెడు మించకపోతే మంచిది. పైగా లావుపాటి పవర్ కేబులూ ఆర్సీఏ తీగా అందంగా ఉంటుందని ఒకే టైతో కట్టేసి ఉన్నాయి. చెరో పక్కనుంచి పోవాల్సిన తీగలవి. కట్టింది నేనే.

బ్యాటరీ నెగెటివ్ ఊడదీసి, ఎమరీ పేపర్‌తో వెండిరంగు రేకు తేలేదాకా గీకాను. రెండు నిమిషాలు పట్టింది. వైరు కత్తిరించి, రింగుని రేకుకి తగిలేలా బిగించి, తుప్పు పట్టకుండా పైన గ్రీజు పూశాను. బండి స్టార్ట్ చేసి యాక్సిలరేటర్ తొక్కాను. నిశ్శబ్దం. కాగితం ముక్కతో ఒక విద్వాంసుడి నోరు మూయించాను.

మొన్న మా బావమరిది కార్లో అదే కచేరీ మొదలైంది. ఎమరీ పేపర్ చేతిలో పెట్టి బోల్టు సంగతి చెప్పబోయాను.

"అదంతా సరే బావా, కొనాల్సింది ఏంటో చెప్పు" అన్నాడు.

డిక్కీలో మూలపడున్న ఐసొలేటర్ తీసి ఇచ్చాను. కళ్లకద్దుకుని తీసుకెళ్లాడు. కెపాసిటర్ కోసం వచ్చేవారం వస్తానన్నాడు.