సవరణ: ఆంగెరర్ ఆపిన ఆ రెండు పెనాల్టీలు షూటవుట్‌లోవి కావు

జర్మనీ మాజీ ఫుట్‌బాల్ గోల్‌కీపర్ నదీన్ ఆంగెరర్ మీద రాసిన పోస్టులో, 2013 మహిళల యూరో (యూరప్ దేశాల టోర్నీ) ఫైనల్‌ను ఆమె షూటవుట్‌లో, అంటే ఆట సమంగా ముగిస్తే చివర్లో పెట్టే పెనాల్టీల పోటీలో, గెలిపించిందని రాశాం. అది తప్పు. నార్వే తీసుకున్న ఆ రెండు పెనాల్టీలనూ 29, 61వ నిమిషాల్లో, ఆట మధ్యలోనే ఆపింది. జర్మనీ క్రీడాకారిణి మిట్టాగ్ కొట్టిన గోల్‌తో ఆ జట్టు 1-0తో గెలిచింది.

ఇది చిన్న తేడా కాదు. షూటవుట్‌లో బంతిని ఆపితే ఆ కిక్ అంతటితో సరి. ఆటలో మాత్రం బంతి ఇంకా ఆడుతూనే ఉంటుంది. చేతికి తగిలి గోల్ ఎదురుగా పడిందా, పరుగెత్తుకొచ్చినవాళ్లు లోపలికి కొట్టేస్తారు. అందుకే మణికట్టు బిగించి బంతిని పక్కకు, స్తంభం అవతలికి నెట్టాలి, వెంటనే లేవాలి. 2007 మహిళల ప్రపంచకప్ ఫైనల్లో బ్రెజిల్ క్రీడాకారిణి మార్తా పెనాల్టీని ఆంగెరర్ ఆపినదీ ఆట మధ్యలోనే, జర్మనీ 1-0తో ముందుండగా.

అదే పోస్టుకు ఇంకో సవరణ: 2016లో అమెరికా క్లబ్ పోర్ట్‌లాండ్ థార్న్స్‌లో ఆమె చేపట్టింది గోల్‌కీపింగ్ కోచ్ పని, హెడ్ కోచ్ పదవి కాదు.