రిమోట్‌కు కళ్లెం, గాజు గోడకు పర్మిషన్

ఏసీని 20 డిగ్రీల కిందికి దించే వీల్లేకుండా నిబంధన తెస్తామని కేంద్ర విద్యుత్ మంత్రి మనోహర్ లాల్ ఖట్టర్ 2025లో ప్రకటించారు. అది అమల్లోకి వస్తే 20 నుంచి 28 మధ్యే తిప్పుకోవాలి. ఒక్క డిగ్రీ పెంచినా దాదాపు ఆరు శాతం కరెంటు మిగులుతుందంటున్నారు. నిజమే, కాదనం. కానీ జనం చేతిలోని రిమోట్ మీద చూపుతున్న ఈ శ్రద్ధ, నగరాల్లో లేస్తున్న గోడల మీద ఏదీ?

2024 మే 30న దేశంలో విద్యుత్ డిమాండ్ 250 గిగావాట్లకు చేరింది. 2017-18తో పోలిస్తే 2037-38 నాటికి చల్లదనం కోసం అవసరాలు ఎనిమిది రెట్లవుతాయని 2019లో కేంద్రం తన కూలింగ్ ప్రణాళికలోనే రాసుకుంది. దేశంలోని కరెంటులో ఇప్పటికీ సుమారు నాలుగింట మూడు వంతులు బొగ్గు నుంచే వస్తోంది. ఎండ ముదిరితే ఏసీ, ఏసీ కోసం బొగ్గు, బొగ్గు వల్ల ఇంకా ఎండ.

అసలు బాధ రాత్రిపూట. పై అంతస్తులో అద్దెకుండేవాళ్లను అడగండి. పొద్దుగూకాక డాబా మీద నాలుగు బకెట్లు కుమ్మరిస్తే స్లాబు బుసబుసమంటూ ఆవిరి కక్కుతుంది. పదకొండింటికి కూడా ఫ్యాను కిందికి తోసేది వేడిగాలే. పసిపిల్లాడు నిద్రపోడు. చివరికి వాయిదాల మీద ఏసీ వస్తుంది. వీధిలో అందరివీ ఒకేసారి ఆన్ అవుతాయి, వాటి వెనక నుంచి వచ్చే వేడంతా మళ్లీ ఆ వీధిలోకే. అప్పటికి సోలార్ కరెంటు ఉండదు. చల్లారాల్సిన వేళ ట్రాన్స్‌ఫార్మర్ మీద లోడు పెరుగుతుంది, ఫ్యూజు ఎగురుతుంది, లైన్‌మన్ కోసం జనం గేటు దగ్గర నిలబడతారు. ఈ కుటుంబానికా మనం పొదుపు నేర్పేది?

నేర్పాల్సినవాళ్లు వేరే ఉన్నారు. పెద్ద వాణిజ్య భవనాలకు ఇంధన పొదుపు నియమావళి ఉమ్మడి రాష్ట్రంలో 2014లోనే వచ్చింది. గోడలో గాజు వాటా మామూలుగా 40 శాతం దాటకూడదని జాతీయ నియమావళి చెబుతోంది. హైదరాబాద్‌లో గచ్చిబౌలి, నానక్‌రాంగూడ వైపు వెళ్లి తలెత్తి చూడండి, ఆ 40 శాతం ఎక్కడైనా కనిపిస్తుందేమో. నిలువెల్లా గాజు. ఎండ తట్టుకోలేక లోపల బ్లైండ్లు దించేసి, మిట్టమధ్యాహ్నం లైట్లు వేసుకుని, ఏసీలో పనిచేస్తున్నారు. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ (ఎండను తిప్పికొట్టే పైకప్పు) విధానం తెచ్చింది. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల పైకప్పులు లక్ష్యమంది. 600 గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్లకు తప్పనిసరి అంది. ఎంతవరకు వచ్చిందో ఏటా జనం ముందు లెక్క చెప్పాలి కదా! ఇక హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కనున్న కంచ గచ్చిబౌలిలో చెట్లు కూల్చే జేసీబీలు ఆగింది సుప్రీంకోర్టు ఆగమంటేనే. అప్పటికే దాదాపు వంద ఎకరాల పచ్చదనం పోయింది. నగరానికి ఖర్చు లేని ఏసీ ఆ చెట్లే.

ఏసీ సెట్టింగ్ నిమిషంలో మారుతుంది. గోడ మారదు. ఈరోజు ఓకే చేసిన గాజు మేడ యాభై, అరవై ఏళ్లు నిలబడి, ప్రతి వేసవిలోనూ అంతకంతకూ ఎక్కువ కరెంటు తాగుతుంది. ఒకదానికి చూసీచూడనట్టు వదిలేస్తే పక్కవాడు అదే చూపించి పర్మిషన్ అడుగుతాడు. హైదరాబాద్‌లో జరిగింది అదే. పనులు మళ్లీ మొదలైన అమరావతిలో, ఎండకు ఉక్కపోత తోడయ్యే ఆ కృష్ణా తీరంలో, ఇదే అలవాటు దిగుమతి అవుతుందేమోనన్నది మా భయం.

నియమాలు రాసింది ప్రభుత్వాలే, నిర్మాణ అనుమతి నుంచి, కట్టాక వాడుకోవచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ దాకా ఇచ్చేదీ వాటి కిందనున్న మున్సిపల్ శాఖలే. తెలంగాణ అయినా, ఆంధ్రప్రదేశ్ అయినా ముందు ఆ ఫైళ్లు తెరవాలి. నిబంధన దాటిన భవనానికి సర్టిఫికెట్ ఆపాలి. ఇచ్చిన అధికారిని నిలదీయాలి. గాజు గోడకు సంతకం పెట్టిన చేత్తోనే సామాన్యుడి రిమోట్ లాక్కోవడానికి మీకు మనసెలా ఒప్పుతోంది?